తోడు లేకుండా ఎనిమిది రోజులు

సెప్టెంబరు 3, 2025, బుధవారం. స్టాక్‌హోమ్

"ఒక్కదానివే పోతా ఉండావా? ఎవురూ తోడు లేకుండానే?"

రైలెక్కే ముందు ఫోన్ చేస్తే అమ్మ నోట వచ్చిన మొదటి మాట ఇది. ఇక్కడ సాయంత్రం ఆరు, శ్రీకాళహస్తిలో రాత్రి తొమ్మిదిన్నర. వీధి తలుపు గడియ వేసుకుని, మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని మాట్లాడుతోందని గొంతు వింటేనే తెలిసిపోతుంది.

"ఒక్కదాన్నేనమ్మా. ఎనిమిది రోజులే."

"పాలకైనా తోడెయ్యందే పెరుగు కాదు గదమ్మే. మనిషికి ఒద్దా? పైగా ఆదివారం గ్రహణం. ఆ పొద్దు బయట తిరగబాక."

నేను వెళ్ళేచోట బయట తప్ప లోపల అనేది ఉండదని చెప్పలేకపోయాను. సరేనన్నాను.

నాకు నలభై రెండేళ్ళు. నాకు తెలిసి ఒక్క రాత్రి కూడా మనిషి అలికిడి లేనిచోట నిద్రపోలేదు. పుట్టింట్లో నలుగురం వరసగా చాపలు పరుచుకునేవాళ్ళం. తిరుపతిలో చదువుకున్నప్పుడు హాస్టల్ గదికి ఐదుగురం. తర్వాత పెళ్ళి, స్వీడన్, పిల్లవాడు. మా ఆయన పని మీద ఊరెళ్ళినా పిల్లవాడు పక్కన ఉండేవాడు. ఇంట్లో ఎవరి మీదా నాకు కోపం లేదు, సంసారం మీద విరక్తీ కలగలేదు. కానీ మన భాషలో 'ఒంటరి' అన్న మాటకి జాలి తప్ప వేరే అర్థం ఎందుకు లేదో చాన్నాళ్ళుగా ఆలోచిస్తున్నాను. ఒంటరి ఆడది, ఒంటరి బతుకు, ఒంటరి చావు. ఒంటరితనం కావాలని కోరుకున్న మనిషికి అది ఎలా ఉంటుందో తెలుసుకోవాలనిపించింది. అందుకే ఈ ప్రయాణం.

సంచి బరువు పదహారు కిలోలు. టెంట్, స్లీపింగ్ బ్యాగ్, గ్యాస్ స్టవ్వు, మ్యాప్, దిక్సూచి. తిండికి తాలింపు పెట్టి వేయించుకున్న ఉప్మా రవ్వ, అటుకులు, పులిహోర పొడి, వేరుశనగ ఉండలు, చిన్న డబ్బాలో ఆవకాయ. మా ఆయన ఒకే ఒక్క షరతు పెట్టాడు. ఉపగ్రహంతో పనిచేసే చిన్న పరికరం ఒకటి చేతిలో పెట్టి, రోజుకొకసారి బటన్ నొక్కితే 'బాగున్నాను' అని అందరికీ మెసేజ్ వెళుతుందన్నాడు. ఒప్పుకున్నాను. సెల్‌ఫోన్ మాత్రం రైలు దిగగానే ఆపేస్తానన్నాను.

సెప్టెంబరు 4, గురువారం. అబిస్కో నుంచి అబిస్కోయౌరె, 15 కి.మీ.

పొద్దున కిటికీ తెర తీసేసరికి బయట బర్చ్ చెట్లన్నీ పసుపెక్కి ఉన్నాయి. కిరునాలో రైలు ఆగినప్పుడు ఎదురు సీటు పెద్దావిడ దూరంగా చెయ్యి చూపించి, "మా చర్చి ఇప్పుడు అటు ఉంది" అంది. 1912లో కట్టిన చెక్క చర్చి అది. ఊరి కింద ఇనుప గని తవ్వుతూ పోతుంటే నేల కుంగుతోంది. అందుకని ఊరినే కొంచెం కొంచెంగా పక్కకి జరుపుతున్నారు. రెండు వారాల కిందటే, ఆగస్టు 19, 20 తేదీల్లో, 672 టన్నుల ఆ చర్చిని చక్రాల బండ్ల మీదకెత్తి అయిదు కిలోమీటర్లు నడిపించుకుపోయారు. "నా పెళ్ళి అందులోనే అయింది. రెండు రోజులూ రోడ్డు పక్కన నిలబడి చూశాను" అందావిడ. అంతకుమించి ఏమీ అనలేదు. నాకు ఆవిడ పక్కన ఇంకాసేపు కూర్చోవాలనిపించింది.

అబిస్కోలో దిగేసరికి మధ్యాహ్నమైంది. ఆర్కిటిక్ వలయం దాటి ఇంకా రెండు వందల కిలోమీటర్లు ఉత్తరానికి వచ్చామన్నమాట. 1909లో యూరప్‌లోనే మొట్టమొదటిసారిగా స్వీడన్ ప్రకటించిన తొమ్మిది జాతీయ పార్కుల్లో అబిస్కో ఒకటి. స్టేషన్ దాటగానే ఒక చెక్క ద్వారం ఉంటుంది. హెమావాన్ దాకా దాదాపు 440 కిలోమీటర్లు సాగే 'కుంగ్స్‌లేదెన్' అనే కాలిబాట అక్కడే మొదలవుతుంది. ఆ పేరుకి అర్థం రాజమార్గం. మనం రాజమార్గమంటే ఆటంకం లేని దారి అనుకుంటాం. ఇక్కడ రాజుకైనా రాళ్ళు తప్పవు. బురద ఉన్నచోట రెండేసి చెక్కలు పక్కపక్కన వేసి ఉంటాయి, వాటి మీద నడవాలి.

నేను నడిచేది ఈ బాటలో ఉత్తరపు కొస మాత్రమే. మధ్యలో దాన్ని వదిలి, జనం తక్కువగా వెళ్ళే విస్తాస్ లోయలోకి తిరిగి, కెబ్నెకైసె పర్వతం పక్కగా నిక్కాలుఒక్తాలో తేలాలి. అబిస్కో నుంచి నిక్కాలుఒక్తా దాకా రాజమార్గం మీదుగా వెళ్ళేవాళ్ళకి దారిలో ఏడు చోట్ల ధ్యానానికని రాళ్ళు నిలబెట్టారు. వాటి మీద డాగ్ హామర్‌షోల్డ్ రాసుకున్న మాటలు చెక్కి ఉంటాయి. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా ఉంటూ 1961లో విమాన ప్రమాదంలో పోయాడాయన. ప్రపంచంలోని గొడవలన్నీ వచ్చిపడే గదిలో కూర్చున్న మనిషికి ఈ కొండలంటే ప్రాణం. మొదటి రాయి దగ్గర సంచి దించి పది నిమిషాలు కూర్చున్నాను. ధ్యానమేమీ కుదరలేదు. భుజాలు నొప్పి పుడుతున్నాయి.

పార్కు లోపల ఎక్కడపడితే అక్కడ టెంట్ వేయకూడదు. అందుకని రాత్రి అబిస్కోయౌరె సరస్సు ఒడ్డున అందరితోపాటే వేశాను. పక్క టెంట్‌లో ఎవరో గురకపెడుతున్నారు. ఈ రాత్రి కూడా తోడు దొరికేసింది.

సెప్టెంబరు 5, శుక్రవారం. అలెస్‌యౌరె దాకా, 20 కి.మీ.

పార్కు దాటి కొండెక్కాక చెట్లన్నవి అయిపోయాయి. గడ్డి, రాయి, వరసగా సరస్సులు, అంతే. 'యౌరె' అంటే ఇక్కడి మూలవాసులైన సామీల భాషలో సరస్సు. ఇక్కడ మ్యాప్ చదవడమంటే సామీ మాటలు నేర్చుకోవడమే. నీళ్ళ సీసా బరువు మోయక్కర్లేదు. కప్పు నడుముకి కట్టుకుని, వాగు కనిపించినప్పుడల్లా ముంచుకు తాగితే చాలు.

మధ్యాహ్నం ముప్ఫై, నలభై రైన్‌డీర్లు దారికడ్డంగా నిలబడ్డాయి. అడవి జంతువులనుకునేదాన్ని. స్వీడన్‌లో ఒక్కటి కూడా అడవిది కాదు. ఇక్కడ ప్రతిదానికీ సామీ యజమాని ఉంటాడు, చెవి మీద ఆ కుటుంబం కోసిన గాటు ఉంటుంది. మా తాత ఆవులకి వాత పెట్టించినట్టే. 'నిర్జనం' అని మనం మురిసిపోయే ఈ నేల వాళ్ళకి మేతబీడు. ప్రతి గుట్టకీ వాళ్ళు పెట్టిన పేరుంది. ఇది అర్థమయ్యాక అడుగులు కొంచెం ఒద్దికగా పడ్డాయి.

అలెస్‌యౌరె గుడిసెల దగ్గర కట్టెలు కొట్టి, నీళ్ళు మోసి, సౌనాలో ఒళ్ళు కాచుకున్నాను. పిక్కల నొప్పి సగం పోయింది.

సెప్టెంబరు 6, శనివారం. విస్తాస్ లోయ

పొద్దున్నే రాజమార్గం వదిలి తూర్పుకి తిరిగాను. అరగంటలో వెనకవాళ్ళ మాటలు ఆగిపోయాయి. ఆ తర్వాత రోజంతా కనిపించింది ఇద్దరే మనుషులు, అదీ నది అవతలి ఒడ్డున.

మధ్యాహ్నం దాకా నా బుర్రలో ఇల్లే నడిచింది. పిల్లవాడి గణితం పరీక్ష, వాషింగ్ మెషీన్‌లో మర్చిపోయిన బట్టలు, ఆఫీసులో ఎవరో అన్న మాటకి ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు. మనుషుల్ని వదిలి రావడానికి రైలు టికెట్ చాలు. వాళ్ళ గొంతులు మాత్రం ఇంకో రెండు మూడు రోజులు వెంట వస్తాయి. మూడింటికల్లా నేను పైకే మాట్లాడుతున్నానని గమనించాను. "ఇటు కాదు, ఆ రాయి మీద పెట్టు కాలు. ఆఁ, అంతే." నాకు నేను తెలుగులో చెప్పుకుంటున్నాను. ఆ గొంతు అచ్చం అమ్మది.

విస్తాస్ దగ్గర మళ్ళీ బర్చ్ అడవి వచ్చింది. నది మీద వంతెన, గట్టున గుడిసెలు ఉన్నాయి. అక్కడ ఆగితే మళ్ళీ మనుషుల మధ్యే పడుకోవాలి కాబట్టి ఆగలేదు. వంతెన దాటి ఇంకో రెండు కిలోమీటర్లు నడిచి, చెట్ల మధ్య చదునుగా ఉన్నచోట టెంట్ వేశాను. ఉప్మా చేసుకున్నాను. ఆవకాయ డబ్బా మూత తీయగానే ఆ వాసనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుని తిన్నాను.

తొమ్మిదిన్నరకి చీకటి పడింది. భయం వచ్చింది.

దాని గురించి వివరంగా రాయాలి. వచ్చింది దాన్ని చూడటానికే కాబట్టి. నది మోతలో మాటలు వినపడ్డాయి. ఎవరో ఆడవాళ్ళు దూరంగా బావి దగ్గర మాట్లాడుకుంటున్నట్టు, ఒక్క మాటా స్పష్టంగా లేకుండా. వాగుల పక్కన పడుకున్న చాలామందికి ఇలాగే వినిపిస్తుందట. చెవి నీళ్ళ మోతలో అలవాటైన గొంతుల్ని వెతుక్కుంటుంది. అది తెలిసినా గుండె దడ తగ్గలేదు.

పడుకుని లెక్క వేసుకున్నాను, దేనికి భయపడుతున్నానని. ఎలుగులున్నాయి, కానీ అవి మనిషి వాసనకే తప్పుకుపోతాయి. ఆడపిల్లగా నాకు నేర్పిన భయమంతా మగవాడి భయం. చీకటి పడకముందే ఇంటికి రా, సందులో పోబాక, ఆటో నంబరు రాసుకో. ఇక్కడ మగవాడే లేడు. నలభై ఏళ్ళుగా మోసిన ఆ భయాన్ని దించిపెట్టి చూస్తే, దాని కింద ఇంకోటి ఉంది, చిన్నప్పటిది. మా వీధి చివర చింతచెట్టు భయం. దానికి ముఖం లేదు, పేరు లేదు. అది మిగిలింది. లైటు వేశాను, ఆర్పాను, మళ్ళీ వేశాను. చివరికి జిప్ తీసి, కాళ్ళు బూట్లలో దూర్చి బయటికొచ్చి నిలబడ్డాను. చంద్రుడు కొండ వెనక ఉన్నాడు, ఆకాశం మాత్రం పాలపొంగులా ఉంది. బర్చ్ మానులు తెల్లగా, ఒక్కొక్కటీ విడిగా, నిశ్శబ్దంగా నిలబడి ఉన్నాయి. వణుకుతూనే వాటిని లెక్కపెట్టాను. నలభై ఏడు. లెక్క పూర్తయ్యేసరికి చలి తప్ప మరేమీ మిగల్లేదు. లోపలికి పోయి పడుకున్నాను.

సెప్టెంబరు 7, ఆదివారం. వాగు ఒడ్డున

ఆలస్యంగా లేచాను. అదే తప్పయింది.

తర్వాతి మజిలీ నల్లో గుడిసె. అక్కడికి పట్టుమని ఎనిమిది కిలోమీటర్లు లేదు. సామీ భాషలో 'నాల్లు' అంటే సూది. లోయ చివర సూదిలా నిలబడిన శిఖరం ఎంతసేపు నడిచినా అంతే దూరంలో కనిపిస్తుంది. దారిలో బ్లూబెర్రీలు కోసుకుంటూ, రాళ్ళ మీద కూర్చుంటూ, పెద్దరికం మర్చిపోయి నడిచాను. మధ్యాహ్నం మూడింటికి ఒక పాయ అడ్డొచ్చింది. పైన గ్లేసియర్ నుంచి దిగుతున్న నీళ్ళు. వంతెన లేదు.

నేను పుట్టింది నది ఒడ్డునే. కానీ మా స్వర్ణముఖిలో ఇసుకెక్కువ, నీళ్ళు తక్కువ. చెలమ తవ్వి చెంబుతో నీళ్ళు తోడుకున్న పిల్లలం మేము. ఈ నీళ్ళు వేరు. రాయి అరిగిన పిండి కలిసి బియ్యం కడుగులా తెల్లగా ఉన్నాయి, అడుగు కనపడదు. కర్ర గుచ్చితే తొడ దాకా ఉంది. అన్నిటికంటే నన్ను ఆపింది శబ్దం. నీటి మోత కింద ఇంకో శబ్దం, గుడుగుడుమని, అడుగున రాళ్ళు దొర్లుతున్న శబ్దం. మనిషి కాలిని ఏం చేస్తాయో చెప్పక్కర్లేదు.

గంటసేపు పైకీ కిందికీ తిరిగాను. పక్కన మనిషుంటే "దాటేద్దాం పద" అనేవాళ్ళు, లేదా "వద్దు" అనేవాళ్ళు. ఏదన్నా తప్పు సగం వాళ్ళది, సగం నాది అయ్యేది. ఇప్పుడు మొత్తం నాదే. తోడు లేకపోవడమంటే ఏమిటో నాకు సరిగ్గా అర్థమైంది ఆ గంటలోనే. అది రాత్రి పూట భయం కాదు, పట్టపగలు నిర్ణయం.

క్రిస్టఫర్ మెక్‌కాండ్‌లెస్ గుర్తొచ్చాడు. అన్నీ వదిలేసి 1992 ఏప్రిల్‌లో అలాస్కా అడవిలోకి ఒక్కడే నడిచిపోయిన ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు. వెళ్ళేటప్పుడు టెక్లానికా నది చలికి బిగుసుకుని, దాటడానికి వీలుగా ఉంది. జులైలో తిరిగొద్దామని వస్తే మంచు కరిగి పోటెత్తి ఉంది. వెనక్కి తిరిగి, తాను ఉంటున్న పాత బస్సులోకే పోయాడు. ఆగస్టులో అందులోనే చనిపోయాడు. కిలోమీటరు కూడా లేని దూరంలో నది మీద తీగకి వేలాడే బుట్ట ఉంది, చేత్తో లాక్కుంటూ దాటేయొచ్చు. అతని దగ్గర సరైన మ్యాప్ లేదు. తర్వాత ఎంతోమంది ఆ బస్సు చూడాలని వెళ్ళి అదే నదిలో ఇబ్బందుల్లో పడ్డారు, కొట్టుకుపోయి చనిపోయినవాళ్ళూ ఉన్నారు. చివరికి 2020లో దాన్ని హెలికాప్టర్‌తో ఎత్తి తీసుకుపోయారు. అతన్ని మూర్ఖుడని కొట్టిపారేసేవాళ్ళంటే నాకు గిట్టదు. దేవుణ్ణి చేసేవాళ్ళ మాటా నేను ఒప్పుకోను. అతను వెళ్ళిన కోరిక నాకు తెలుసు. అందుకే అతను చేసిన పొరపాటు నేను నేర్చుకోవాలి.

గ్లేసియర్ వాగుకి ఒక గుణముంది. పగలంతా ఎండకి మంచు కరిగి సాయంత్రానికి నీరు పెరుగుతుంది. రాత్రి చలికి కరగడం తగ్గి తెల్లవారేసరికి పడిపోతుంది. నీటి అంచున అరచేతి మందాన ఒక రాయి గుర్తు పెట్టి, వెనక్కి వచ్చి గట్టు మీద టెంట్ వేశాను. పరికరం బటన్ నొక్కాను. బాగున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది గ్రహణం. మన టైము ప్రకారం రాత్రి పదకొండు నుంచి సంపూర్ణం. ఇక్కడికి ఏడున్నర. తిరుమలతో సహా గుళ్ళన్నీ మూసేస్తారు గానీ మా శ్రీకాళహస్తి గుడి మాత్రం తెరిచే ఉంటుంది. గ్రహణం వేళ అభిషేకాలు జరుగుతాయి. రాహుకేతు పూజలకని ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఆ రాత్రి మా ఊళ్ళో కాలు పెట్టే సందుండదు. ఊరగాయ జాడీల మీద, నీళ్ళ బిందెల మీద అమ్మ దర్భపోచలు వేసి ఉంటుంది.

చంద్రుడు కనిపించలేదు. ఇంత ఉత్తరాన పున్నమి చంద్రుడు ఈ కాలంలో ఎక్కువ ఎత్తుకి రాడు, తూర్పు కొండ అంచునే పాకుతాడు. కానీ ఇంకోటి చూశాను. తొమ్మిది దాటేసరికి చుట్టూ నల్లబడింది. పున్నమి రాత్రి అలా ఉండకూడదు. పడమటి శిఖరాల మీద పాత మంచు ఎక్కడుందో కూడా తెలియలేదు. తొమ్మిదిన్నర దాటాక వాటి కొసల మీద బూడిద రంగు మెరుపు మొదలైంది. కొంచెం కొంచెంగా అది కిందికి జారింది. పది అయ్యేసరికి ఎదుటి కొండ మొత్తం సున్నం కొట్టిన గోడలా వెలిగింది. గ్రహణం విడిచిందని ఆకాశంలోకి చూడకుండానే తెలుసుకున్నాను. స్లీపింగ్ బ్యాగ్ మెడదాకా కప్పుకుని బయటే కూర్చున్నాను, అమ్మ మాట పూర్తిగా జవదాటి.

భయం లేదు. అది ఎప్పుడు పోయిందో చూసుకోలేదు.

దాని బదులు ఒక ఆలోచన వచ్చి కూర్చుంది. ఈ వేళకి మా ఊళ్ళో ఒంటిగంటన్నర. అమ్మ పడుకుని ఉంటుంది. నాన్న పోయి ఆరేళ్ళు. అన్నయ్య బెంగళూరులో, నేను ఇక్కడ. ఆ ఇంట్లో, వీధి తలుపు గడియ వేసుకుని, ఆరేళ్ళుగా ఒక్కతే పడుకుంటోంది. రెండు వేలకి పైగా రాత్రులు. నేను ఒక్క రాత్రి కోసం ఇంత దూరం వచ్చి బర్చ్ చెట్లు లెక్కపెట్టాను. "తోడు లేకుండానే?" అని అడిగినప్పుడు ఆవిడ ఎక్కడి నుంచి అడుగుతోందో నాకు తట్టనే లేదు. వారానికి మూడుసార్లు ఫోన్ చేస్తాను. మందులు వేసుకున్నావా, తిన్నావా అంటాను. రాత్రిళ్ళు ఎలా గడుస్తాయని ఒక్కసారీ అడగలేదు.

సెప్టెంబరు 8, సోమవారం. సెల్కా దాకా

అయిదింటికి లేచి చూస్తే నా గుర్తురాయి నీటికి జానెడు పైన, పొడిగా ఉంది. దొర్లే శబ్దం లేదు. పాయ బాగా వెడల్పై రెండుగా చీలినచోటు ఎంచుకున్నాను. వెడల్పుంటే లోతు తక్కువ. ప్యాంటు తీసి సంచిలో పెట్టాను, కాళ్ళకి చెప్పులు వేసుకున్నాను. పడితే సంచి వదిలేయడానికి నడుం పట్టీ విప్పాను. ఎగువకి ముఖం పెట్టి, రెండు కర్రలూ ముందు ఆనించి, ఒక్కొక్క అడుగూ పక్కకి వేసుకుంటూ కదిలాను. మోకాలి పైకి రాలేదు. పది అడుగులకి పాదాలున్న సంగతే తెలియలేదు. అవతలి గట్టు ఎక్కి, కాళ్ళు రుద్దుకుంటూ గట్టిగా ఒక కేక వేశాను. ఏమని వేశానో నాకే తెలియదు. లోయ దాన్ని రెండుసార్లు తిరిగి చెప్పింది.

నల్లో గుడిసె చూసుకునే ఆయన టీ ఇచ్చాడు. "నిన్న సాయంత్రం దాటలేదా? మంచి పని చేశావ్" అన్నాడు. నా పేరు కూడా అడగలేదు. ఎవరితో వచ్చావనీ అడగలేదు. ఆ అడగకపోవడం నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. మన ఊళ్ళలో ఒక ఆడమనిషికి ఈ హాయి ఎప్పుడు దొరుకుతుందో.

సెల్కా వైపు దారంతా బండరాళ్ళే, పైగా పొగమంచు. దిక్సూచి పట్టుకుని, ఒక రాళ్ళ గుట్ట నుంచి ఇంకో రాళ్ళ గుట్టకి నడిచాను. సెల్కా కొట్లో గ్యాస్ డబ్బా, చాక్లెట్ కొన్నాను. పన్నెండు గంటలు నిద్రపోయాను.

సెప్టెంబరు 9, 10. సింగి, కెబ్నెకైసె

రెండు రోజులూ మళ్ళీ రాజమార్గం, మళ్ళీ మనుషులు, పలకరింపులు. చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు. సింగి దగ్గర వాన. ఎడమ మడమకి పొక్కు.

కెబ్నెకైసె స్వీడన్‌లో ఎత్తైన పర్వతం. దానికి రెండు కొసలు. దక్షిణపు కొస మీద మంచు టోపీ ఉంది. స్వీడన్‌లో అన్నిటికంటే ఎత్తు అదేనని తరతరాల పిల్లలు బళ్ళో చదువుకున్నారు. ఆ టోపీ కరిగి కరిగి, 2019లో కొలిస్తే రాతి కొస అయిన ఉత్తరపుదే ఎత్తని తేలింది. పక్కనే తార్‌ఫాల లోయలో ఒక గ్లేసియర్ మీద ఎంత మంచు చేరిందో, ఎంత కరిగిందో 1946 నుంచి ఏటా కొలుస్తున్నారు. ఇలాంటి కొలతల్లో ప్రపంచంలోకెల్లా ఎక్కువకాలం ఆపకుండా సాగుతున్నవి ఇవేనంటారు. నన్ను ఒడ్డున కూర్చోబెట్టిన ఆ తెల్లనీళ్ళు ఏ లెక్కలోంచి తీసివేత అవుతున్నాయో అక్కడ తెలిసింది. శిఖరం ఎక్కలేదు. ఎక్కాలని కూడా అనిపించలేదు.

సెప్టెంబరు 11, గురువారం. నిక్కాలుఒక్తా

19 కిలోమీటర్లు. బస్సుకి ఇంకా నలభై నిమిషాలుంది. గోడకి సంచి ఆనించి, దాని మీద వీపు వాల్చి ఫోన్ ఆన్ చేశాను. మా ఆయనతో, పిల్లవాడితో మాట్లాడాక అమ్మకి చేశాను.

"రాత్రిళ్ళు భయమెయ్యలా?" అంది.

"ఒక రాత్రి వేసింది. తర్వాత లేదు." ఆగి అడిగాను. "నీకమ్మా? నాన్న పోయినాక, మేమంతా వెళ్ళిపోయినాక?"

చాలాసేపు ఏమీ వినపడలేదు. లైను పోయిందనుకున్నాను.

"నెల రోజులు వంటింట్లో లైటు ఆర్పకుండా పండుకున్నా," అంది. "ఆ తర్వాత ఒక రాత్రి కరెంటు పొయ్యింది. ఫ్యానూ లేదు, లైటూ లేదు. ఉడకపోత. చాప తీసుకోని మిద్దె ఎక్కేసినా. ఆపొద్దు నుంచి వాన లేని రోజల్లా మిద్దె మీదే. చెప్తే తిడతావని చెప్పలా."

"ఒక్కదానివేనా?" అనేశాను. "రాత్రి పూట, మిద్దె మీద?"

అమ్మ నవ్వింది. నాన్న పోయాక అంత పెద్దగా నవ్వడం నేను వినలేదు.

"ఒక్కదాన్నేనే," అంది. "మొన్న గ్రహణం గూడా చూసినా. ఊరంతా గుడికాడ ఉండారు. మన వీధిలో నరమానవుడు లేడు. నీకు ఆడ అగపడిందా?"

"లేదమ్మా. కొండలు అడ్డం."

"అయితే ఇను, చెప్తా," అంది అమ్మ. "మొదట ఒక పక్క కొరికినట్టు నల్లగా అయింది. పోను పోను, మన రాగి చెంబు లేదూ, చింతపండు పెట్టి తోమకముందు ఎట్లుంటుంది, అట్లయింది..."

బస్సు వచ్చింది. డ్రైవర్ సంచి అందుకుని పక్క అరలో పెట్టాడు. నేను ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. అమ్మ ఇంకా చెబుతూనే ఉంది.